ఇనుపదారి వెంట మూడు చలికాలములు

వాడి జంక్షను నుండి సికింద్రాబాదునకు ఇనుపదారి 1874వ సంవత్సరమున పడినది. చిత్తాపూరు, సేడము, తాండూరు, వికారాబాదు, శంకరపల్లి, లింగంపల్లి ఆ దారిమీది ఊళ్ళు. వాడి వద్ద అది బొంబాయి, మద్రాసుల నడుమనున్న పెద్ద మార్గమును కలియును. నాటి నుండి బొంబాయి రేవున దిగిన సరకు గాని, వార్త గాని, వ్యాధి గాని ఈ మార్గమున హైదరాబాదు చేరవలెనన్న ముందుగా తాండూరు, ఆ పిమ్మట వికారాబాదు దాటి రావలసినదే.

చరిత్ర యనగా రాజుల రాకపోకలు, కోటల ముట్టడులు అని తలచుట మనకు అలవాటు. మహమ్మారి చెలరేగిన కాలమున, చలి కొరికెడు ఒక రాత్రి, ఇరుగుపొరుగు మిత్రులు ఎచ్చట కూర్చుండిరి, ఏమి తినిరి, ఒకరికొకరు ఎంత ఎడముగా నుండిరి అను ప్రశ్నలకు చరిత్ర గ్రంథములలో చోటు తక్కువ. అయినను అవి చిన్న ప్రశ్నలు కావు. అంటువ్యాధి శరీరమును తాకుటకు ముందే మనుష్యుల నడుమనున్న పొత్తును తాకును. ఆ పొత్తు తెగక నిలిచిన తీరు తెలిసికొనుటకు ఈ రెండు ఊళ్ళ మీదుగా సాగిన మూడు మహమ్మారుల చలికాలములను పరికింతము.

మొదటిది ప్లేగు. 1896వ సంవత్సరము సెప్టెంబరులో బొంబాయిలో డాక్టరు అకాసియో వియెగాస్ దానిని గుర్తించెను. తరువాతి యేండ్లలో అది దక్కను పీఠభూమి అంతటను వ్యాపించెను. 1911లో హైదరాబాదు నగరమును తీవ్రముగా పీడించెను. ఆ మరుసటి యేట ఇరుకు పేటలను విప్పి కట్టుటకై నగరాభివృద్ధి మండలి ఏర్పడుటకు 1908 నాటి మూసీ వరద యెంత కారణమో, ఈ ప్లేగును అంత కారణము. ఎలుకల మీది గోమార్ల వంటి చిన్న పురుగులు, మిన్నల్లులు, ఈ వ్యాధిని మనుష్యులకు చేర్చునని 1898లో ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమోండ్ కనుగొనెను. ఎండ ముదిరిన దినములలో ఆ పురుగు బ్రతుకజాలదు. కావుననే దక్కనులో ప్లేగునకు చలికాలమే అదను.

శాస్త్రజ్ఞులు కారణమును చెప్పకమునుపే పల్లెవాసులు ఒక సంగతిని కనిపెట్టిరి. దూలము మీద నుండి ఎలుక చచ్చి పడినదా, ఆ ఇల్లు విడువవలెను. ఒక ఇల్లు కాదు, వీధి వీధియే కదలవలెను. ఊరి వెలుపల పొలములలో జొన్నచొప్పతోను, తడికలతోను గుడిసెలు వేసికొని చలి దినములన్నియు అచ్చటనే గడపెడివారు. ఊరిలో గోడల నడుమ వేరువేరుగా బ్రతికినవారు పొలమున ఒకే మంట వెలుగులో కనబడిరి. విడిచిన ఇండ్లలో దొంగలు పడకుండ కావలి యుండుట, దూరపు బావి నుండి నీరు తెచ్చుట, రాత్రివేళ పిల్లలకు మంట ఆరకుండ చూచుట, ఇవి ఒక్క కుటుంబమునకు సాగెడి పనులు కావు. ఇంటిని విడిచి, చెలిమిని వెంట గొనిపోవుటయే ప్లేగు నేర్పిన నడత.

ఆ దినములలోనే, 1897 జనవరి 10వ తేదీన, బొంబాయిలో హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు తాను సిద్ధపరచిన ప్లేగు టీకాను మొదట తన శరీరమున పొడిపించుకొని పరీక్షించెను. ఈ జనవరి మాటను మనస్సున ఉంచుకొందము. మరియొక జనవరిలో దీనితో మనకు పని యున్నది.

రెండవది 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా. ఆ యేడు జూనులో బొంబాయి రేవున అడుగిడిన ఆ జ్వరము మొదట తేలికగనే పోయినది. సెప్టెంబరులో మరల వచ్చినప్పుడు రూపు మార్చినది. రైలు వెంట, ఇంటికి మరలుచున్న సైనికుల వెంట దేశమంతట పరచుకొనెను. అది ముసలివారిని, పసివారిని మాత్రమే గాక, ఇరువది నుండి నలుబది యేండ్ల వయస్సుగల దృఢకాయులను ఎక్కువగా కొనిపోయినది. భారతదేశమున మృతుల సంఖ్యను చరిత్రకారులు 1 కోటి 20 లక్షల నుండి 1 కోటి 80 లక్షల వరకు పలువిధముల అంచనా వేసియున్నారు. ఆ యేటనే వానలు తప్పి కరవు తోడయినది. నిజాము రాజ్యపు జనాభా 1911లో 1 కోటి 33 లక్షల 74 వేలు. 1921లో 1 కోటి 24 లక్షల 71 వేలు. పదియేండ్లలో పెరుగవలసిన జనము తొమ్మిది లక్షలు తరిగెను.

ఈ వ్యాధి ప్లేగు వంటిది కాదు. ఇల్లు విడిచి పోయిన ప్రయోజనము లేదు, ఏలయన వ్యాధి మనుష్యుని ఊపిరిలోనే యున్నది. ఇంటిలో అందరును ఒకేసారి పడకలు పట్టినప్పుడు పొయ్యి వెలిగించువారుండరు. మందు లేదు, టీకా లేదు. హైదరాబాదున ప్రభుత్వ రేడియో ప్రసారము 1935లో గాని మొదలు కాలేదు గనుక ధైర్యము చెప్పు గొంతుకయు లేదు. అట్టి ఇంటి తలుపు తోసి లోనికి పోయి, గంజి కాచి, నీరు త్రాగించి రాగలవాడే మిత్రుడు. అట్లు పోయినవారిలో తిరిగి లేవనివారును కలరు. జనాభా లెక్కలు ఎందరు పోయిరో చెప్పును. ఎవరు ఎవరికి గంజి పోసిరో చెప్పవు.

మూడవది మనమందరము ఎరిగినది. తెలంగాణలో మొదటి కోవిడు రోగిని 2020 మార్చి 2వ తేదీన గుర్తించిరి. మార్చి 22 నాటి జనతా కర్ఫ్యూతో పాటు దేశమున ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయినవి. నూటనలుబది యారు సంవత్సరములుగా వ్యాధిని మోసినదని నింద పడిన ఆ ఇనుపదారిమీద ప్రయాణికుల సందడి మూగపోయినది. మే 1వ తేదీన వలస కూలీలను స్వస్థలములకు చేర్చుటకై దేశమున కదలిన మొట్టమొదటి శ్రామిక రైలు ఈ దారిమీది లింగంపల్లి నుండియే జార్ఖండులోని హటియాకు బయలుదేరెను. అందులో సుమారు పండ్రెండు వందల మంది కూలీలుండిరి.

వికారాబాదు నుండి హైదరాబాదు రైలున సుమారు 70 కిలోమీటర్లు; తాండూరు మరి నలుబది. ఉద్యోగులు, కళాశాల విద్యార్థులు, ఆకుకూరలును పాలును అమ్ముకొనువారు ప్రతిదినము ప్యాసింజరు బండిలో నగరమునకు పోయి వచ్చుట తరతరముల వాడుక. సీజను టిక్కెట్టు గలవారికి బండి యొక రెండవ ఇల్లు. ఫలాని పెట్టెలో ఫలాని కిటికీ వద్ద ఫలానివారు కూర్చుందురు. ఒకరి ఇంటి అటుకులు ఒకరు తిందురు, ఒకరి బిడ్డ పెండ్లికి అందరును పోదురు. అయినను వారిలో పెక్కుమందికి ఒకరి ఇల్లు ఒకరికి తెలియదు. రైలు నిలిచిన దినమున ఈ స్నేహములు చోటు లేనివైనవి. రిజర్వేషను గల ప్రత్యేక రైళ్ళు 2020 జూనులో పెరిగినను, సామాన్యుల ప్యాసింజరు బండ్లు ఈ ప్రాంతమున 2021 జూలైలో గాని తిరుగలేదు. నడుమ వచ్చిన చలికాలమంతయు ఆ చెలికాండ్రు ఫోనులో మాత్రమే పలుకరించుకొనవలసి వచ్చెను.

అయినను 2020-21 నాటి ఆ చలికాలము పూర్తిగా ఏకాంతవాసము కాదు. సెప్టెంబరులో దేశమున దినమునకు లక్షకు చేరువైన కొత్త రోగుల సంఖ్య క్రమముగా తగ్గుచుండెను. మూసిన గది గాలిలోనే ప్రమాదము హెచ్చనియు, ఆరుబయట తక్కువనియు వైద్యులు చెప్పుచుండిరి. ఈ మాట వికారాబాదునకు కొత్త కాదు. మూసీ పుట్టిన అనంతగిరి కొండలమీద నిజాము కాలమున క్షయరోగుల ఆరోగ్యశాల వెలసినది ఆ గాలి మంచిదన్న నమ్మకముతోనే. వికారాబాదు గాలి లక్షలాది రోగులకు మందు అని ఉర్దూలో నానుడి యొకటి ఇప్పటికిని వినబడును. గాలి యొక్కటే రోగమును కుదుర్పదు. కాని గాలి ఆడని చోట కూడి కూర్చుండుట కంటె గాలి ఆడుచోట కూర్చుండుట మేలన్న పాత తెలివి మరల పనికి వచ్చెను.

ఈ ఎత్తుసీమలో చలి గట్టిది. కొన్ని రాత్రులు పది డిగ్రీలకు దిగువకు పోవుటయు కలదు. అట్టి వేళ చలిమంట కంటె మంచి సభాస్థలి లేదు. మంటకు మరీ దగ్గరకు పోరాదు, మరీ దూరమైన వేడి తగులదు. చుట్టు కూర్చున్నవారికి ఆ ఎడము ఎవరును చెప్పనక్కరలేదు, నిప్పే చెప్పును. టీ కొట్టు లోపలి బల్లలు విడిచి, కాగితపు గ్లాసులు చేతబట్టి వీధి అరుగుమీద నిలిచి మాటాడుట వాడుకైనది. పలుకరింతకు చేయి కలుపుట పోయి నమస్కారము, సలాము మిగిలినవి. ముఖమునకు కట్టిన గుడ్డ మీదుగా కన్నులను బట్టియే మిత్రుని గుర్తించుటను అందరును అభ్యసించిరి.

తాండూరులో ఆ దినములు కందికోత దినములు. 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఈ నల్లరేగడిలో, సున్నపురాతి పొరల మీద పండును. మహమ్మారి యున్నను కంది ఆగదు. కోయకున్న కాయ చిట్లి గింజ రాలును. కావున చేలలో బదుళ్ళు సాగినవి. ఈనాడు నీ చేను, రేపు నా చేను అని ఒకరికొకరు సాయము పట్టుట పాత పద్ధతి. కూలి బయటినుండి రానప్పుడు ఆ పాత పద్ధతికే బలము హెచ్చును. చేను విశాలమైనది, సాలునకు ఒకరుగా నిలిచిన ఎడమునకు లోటు లేదు.

తాండూరు 1956 వరకు గుల్బర్గా జిల్లాలోనిది. ఇచ్చట తెలుగు, ఉర్దూ, కన్నడములు మూడును వినబడును. గుల్బర్గా, బీదరు సీమలలోను, వాని సరిహద్దు పల్లెలలోను పుష్యమాసము ముందటి అమావాస్యనాడు ఎళ్ళ అమావాస్య యను పొలము పండుగ కలదు. బంధుమిత్రులతో పొలమునకు పోయి, భూమికి పూజ చేసి, సజ్జరొట్టెలు, పప్పుధాన్యములు కూరలు కలిపి వండిన బజ్జీ, అంబలి అచ్చటనే భుజించుట ఆచారము. 2021లో ఆ అమావాస్య సంక్రాంతి ముంగిట పడినది. అదే వారమున, జనవరి 16వ తేదీన, దేశమంతట కోవిడు టీకాలు మొదలైనవి. అప్పటికి అనుమతి పొందిన రెండు టీకాలలో ఒకటి హైదరాబాదున తయారైన కోవాక్సిను. బొంబాయిలో హాఫ్‌కిన్ సూది పొడిపించుకొన్న జనవరికిని ఈ జనవరికిని నూట ఇరువది నాలుగేండ్ల ఎడము. ఈమారు ఇనుపదారి తుదనున్న నగరము నుండి దేశమునకు పోయినది వ్యాధి కాదు, మందు.

పిల్లల కష్టము వేరు. 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శను యాదగిరిలోను, టి-శాట్‌లోను పాఠములు ప్రసారమైనవి. పాఠము తెర మీద వచ్చును గాని ప్రక్క బల్ల మిత్రుడు రాడు. తొమ్మిదవ తరగతి మొదలు పై తరగతులు 2021 ఫిబ్రవరి 1న తెరచిరి; మార్చి నెలాఖరు వారమున మరల మూసిరి.

ఆ మూత ఒక హెచ్చరిక. ఫిబ్రవరిలో దినమునకు దేశమున పది పదునొకండు వేలకు దిగిన రోగుల సంఖ్య మే మొదటి వారమున నాలుగు లక్షలు దాటెను. చలికాలము ముగింపు కాదు, విరామము మాత్రమే. 1918 జూను జ్వరము తేలికగ పోయినదని ఊరడిల్లినవారికి సెప్టెంబరు ఏమి చూపినదో మనకు తెలియును. అయినను విరామమును ముగింపు అని తలచుట మనుష్య స్వభావము. ఆ చలిమంటల చుట్టు కూర్చున్నవారిలో మరుసటి చలికాలమునకు లేనివారు పెక్కు ఊళ్ళలో కలరు.

మూడు వ్యాధులు మూడు విధముల నడతను కోరినవి. ప్లేగు ఇల్లు విడువుమన్నది, ఇన్‌ఫ్లుయెంజా కాలమున ఇంటిలోనికి పోవువాడే ఆప్తుడైనాడు, కోవిడు గడప వెలుపల నిలువుమన్నది. మొదటిసారి కలిసి నడచుట, రెండవసారి తలుపు తోయుట, మూడవసారి తలుపు తట్టకుండుట స్నేహమైనవి. కావున ఎడముగా నుండుటను నిర్దయ యనియు, దగ్గరకు పోవుటను మాత్రమే దయ యనియు తలపరాదు. వ్యాధి తీరును తెలిసికొని, దానికి తగిన రీతిని మిత్రుని కాచుటయే దయ.

1918 నాటి గంజి పోసిన చేతుల పేర్లు మనకు దక్కలేదు. ఈ మూడవ చలికాలపు సంగతి ఇంకను జ్ఞాపకములలో సజీవముగా నున్నది. ఏ చేను ఎవరు కోసిరి, ఎవరి గుమ్మమున ఎవరు అన్నపు గిన్నె పెట్టి దూరముగ నిలిచిరి, ఏ కిటికీ వద్ద కూర్చుండెడి మిత్రుడు రైలు తిరిగిన నాడు రాలేదు అను సంగతులను ప్రతి ఇంటివారును ఒక నోటుపుస్తకమున వ్రాసి యుంచవలెను. లెక్కలు ప్రభుత్వము వ్రాసికొనును. పేర్లు వ్రాయవలసినది మనమే.