సైకిల్ యాత్ర ముగిసిందా? విమానంలో సైకిల్‌ను ఇంటికి తెచ్చుకోవడమెలా?

మనాలీ నుంచి లేహ్ వరకు దాదాపు 430 కి.మీ. దారి. మధ్యలో 5,300 మీటర్లకు పైగా ఎత్తున్న తంగ్‌లాంగ్ లా కనుమ. ఏటా వేసవిలో ఈ దారిలో సైకిల్ తొక్కేవారిలో మన తెలుగువాళ్లూ ఉంటారు. వెళ్లేటప్పటి ఏర్పాట్లన్నీ పక్కాగా చేసుకున్నా, తిరుగు ప్రయాణం సంగతి చాలామంది చివరి రోజు వరకు పట్టించుకోరు. లేహ్‌కు రైలు లేదు. సైకిల్‌తో హైదరాబాద్, విజయవాడ చేరాలంటే ముందే తెలుసుకోవాల్సినవి ఇవీ..

టికెట్ కొనే ముందు..

దేశీయ విమానాల్లో సాధారణంగా ఉచిత చెకిన్ లగేజీ 15 కిలోలే. సైకిల్, అట్టపెట్టె కలిపితేనే ఆ పరిమితి దాటే అవకాశం ఎక్కువ. కొన్ని సంస్థలు బరువుతో సంబంధం లేకుండా సైకిల్‌ను క్రీడా సామగ్రిగా లెక్కించి విడిగా రుసుం తీసుకుంటాయి. ఈ నిబంధన ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి టికెట్ కొనకముందే చూసుకోవాలి. అదనపు బరువును ఆన్‌లైన్‌లో ముందుగా కొంటే సాధారణంగా కౌంటర్ దగ్గర కట్టేదానికన్నా తక్కువవుతుంది.

లేహ్-దిల్లీ, దిల్లీ-హైదరాబాద్ టికెట్లను ఒకే పీఎన్ఆర్‌పై తీసుకోవడం మేలు. విడివిడిగా కొంటే దిల్లీలో పెట్టె తీసుకుని, మళ్లీ చెకిన్ చేసి, రెండోసారి రుసుం కట్టాల్సి రావచ్చు. చిన్న విమానాశ్రయాలకు నడిచే ఏటీఆర్ విమానాల్లో సరకుల తలుపు చిన్నది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు చెప్పి, పడుతుందో లేదో సంస్థను అడగండి.

లేహ్‌లో ప్రత్యేకత ఏంటి?

ఇక్కడి కుశోక్ బకులా రింపోచే విమానాశ్రయం 3,200 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. గాలి పలుచన కావడంతో విమానం ఎక్కువ బరువుతో పైకి లేవలేదు. ఎండ పెరిగేకొద్దీ ఈ ఇబ్బంది పెరుగుతుంది, మధ్యాహ్నం గాలులూ తోడవుతాయి. అందుకే విమానాలు ఎక్కువగా ఉదయమే ఉంటాయి. వాతావరణం బాగోలేక రద్దవడమూ మామూలే. ఆఫీసుకు వెళ్లాల్సిన రోజుకు ముందు కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. విమానాశ్రయానికి ముందుగానే చేరుకోండి.

ప్యాకింగ్ ఇలా..

* లేహ్ బజారులోని సైకిల్ దుకాణాల్లో ఖాళీ అట్టపెట్టె కోసం రెండు, మూడు రోజుల ముందే చెప్పి ఉంచాలి.
* రెండు పెడళ్లూ విప్పాలి. కుడి పెడల్ మామూలుగానే అపసవ్య దిశలో వదులవుతుంది. ఎడమది మాత్రం సవ్యదిశలో తిప్పితేనే వస్తుంది. ఇది తెలియక బలంగా తిప్పి మరలు పాడుచేసుకునేవారు ఎక్కువ.
* సీటు రాడ్డు ఎంత ఎత్తులో ఉందో టేపుతో గుర్తు పెట్టుకుని దించాలి. హ్యాండిల్ విప్పి ఫ్రేమ్‌కు కట్టాలి.
* ముందు చక్రం తీశాక ఫోర్క్ మధ్య ప్లాస్టిక్ లేదా చెక్క ముక్క పెట్టాలి. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల మధ్య అట్టముక్క ఉంచాలి.
* వెనక గేరు డీరైలర్‌ను విప్పి లోపలికి కట్టాలి. దెబ్బలు ఎక్కువగా తగిలేది దానికే.
* టైర్లలో గాలి తగ్గించాలి. పూర్తిగా తీసేస్తే రిమ్‌కు రక్షణ ఉండదు.
* భద్రతా సిబ్బంది పెట్టె విప్పించవచ్చు. టేపు చుట్ట వెంట ఉంచుకోండి.

ఏవి ఎందులో?

పానాలు, అలెన్ కీలు చెకిన్ లగేజీలోనే పెట్టాలి. చేతిసంచిలో ఉంటే తీసేసుకుంటారు. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. వీటికి సాధారణ పరిమితి 100 వాట్-అవర్. 160 దాటితే ప్రయాణికుల లగేజీలో అనుమతించరు. ఈ-బైక్ బ్యాటరీలు చాలావరకు ఇంతకన్నా పెద్దవే. స్టవ్ గ్యాస్ డబ్బాలను ఎందులోనూ తీసుకెళ్లకూడదు.

పాడైతే..?

విమానాశ్రయం దాటకముందే పెట్టె విప్పి చూడండి. దెబ్బ కనిపిస్తే ఫొటోలు తీసి, సంస్థ కౌంటర్‌లో ‘ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్’ తీసుకోండి. రాతపూర్వక ఫిర్యాదును 7 రోజుల్లోపు ఇవ్వాలి. స్పందన లేకపోతే పౌర విమానయాన శాఖ ‘ఎయిర్‌సేవ’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. దేశీయ ప్రయాణంలో లగేజీకి పరిహారం గరిష్ఠంగా రూ.20 వేలే. సైకిల్ ధర లక్ష రూపాయలైనా అంతే. పైగా చెకిన్ సమయంలో ‘పాడైతే సంస్థకు బాధ్యత లేదు’ అన్న ట్యాగ్‌పై సంతకం అడగొచ్చు, చదివాకే చేయండి. ఖరీదైన సైకిల్ అయితే ప్రయాణ బీమాలో అది వర్తిస్తుందో లేదో బయలుదేరే ముందే చూసుకోవాలి.

మరో దారి..

విమాన ఖర్చు ఎక్కువనిపిస్తే దిల్లీ వరకు విమానంలో వచ్చి, అక్కడి నుంచి రైలెక్కొచ్చు. రైల్వేలో సైకిల్‌కు ఉచిత లగేజీ పరిమితి వర్తించదు. స్టేషన్‌లోని పార్సిల్ కార్యాలయంలో టికెట్ చూపి విడిగా బుక్ చేసుకోవాలి. రసీదును సైకిల్ చేతికొచ్చే దాకా భద్రంగా ఉంచుకోండి.