గ్రావెల్ సైక్లింగ్ (తిరుపతి, చిత్తూరు ప్రాంతం)

తారు వేయని గరుసు బాటలు, కాలువ గట్లు, అడవి దారుల మీద సాగే దూరప్రయాణపు సైకిల్ క్రీడను గ్రావెల్ సైక్లింగ్ అంటారు. ఇందుకు వాడే సైకిలుకు పందెపు సైకిలుకు ఉన్నట్టే కిందికి వంగిన హ్యాండిల్ ఉన్నా, టైర్లు సాధారణంగా 35 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పుతో, తక్కువ గాలి ఒత్తిడితో ఉంటాయి కనుక కంకర మీద చక్రానికి పట్టు దొరుకుతుంది.

నైసర్గికంగా తిరుపతి, చిత్తూరు ప్రాంతం రెండు విధాలు. తూర్పున, 19వ శతాబ్ది ఆరంభంలో తవ్వకం మొదలై, 1877-78 నాటి కరువు పనుల్లో విస్తరించిన బకింగ్‌హామ్ ఉప్పునీటి కాలువ పులికాట్ సరస్సు పరిసరాల్లో ఉంది. సమీపంలోని నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రంలో గూడబాతులు నీటిలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. పడమరన, 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తింపు పొందిన శేషాచలం కొండల్లో ఎర్రచందనం పెరుగుతుంది, పదునైన క్వార్ట్‌జైట్ రాళ్లు టైర్లను చీల్చగలవు. పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులకు ఆవాసం.

వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) 27, 28 సెక్షన్ల ప్రకారం అభయారణ్యంలోకి సందర్శకుల ప్రవేశానికి అటవీశాఖ అనుమతి అవసరం. శబ్దం లేకుండా వేగంగా వచ్చే సైకిలు ఏనుగును ఉలిక్కిపడేలా చేయవచ్చు, గూళ్లున్న పక్షులను బెదరగొట్టవచ్చు. అందువల్ల అనుమతించిన బాటను వీడకుండా, పగటివేళ మాత్రమే, మందగమనంతో ప్రయాణించడం సైకిలిస్టుకూ వన్యప్రాణికీ క్షేమకరం.