నడివయస్సున దుకాణమెక్కినవారు

వర్తకవిద్య బాల్యముననే అలవడవలెననియు, తల నెరసినవానికి తక్కెడ లొంగదనియు మన పల్లెలలో నొక నమ్మకము చిరకాలముగా నున్నది. కుల్కచర్ల, పరిగి, తాండూరు సీమల గతమును నిదానించి చూచినవారికి ఈ నమ్మకమెంత దుర్బలమో తెలియకపోదు.

శాసనములు సైతము ఆ నమ్మకమునే అనుసరించినవి. 1850లో ఆంగ్లపాలకులు చేసిన అప్రెంటిసుల చట్టము 10 మొదలు 18 ఏండ్ల లోపు పిల్లలను, విశేషించి అనాథలను, వృత్తులలో ప్రవేశపెట్టుటకై పుట్టినది. అది మన యూళ్లు చేరియుండిన నిజాం సీమకు వర్తింపకున్నను, పని నేర్చువాడనగా బాలుడే యను తలంపు ఇరుసీమలకును సమానమే. 1961 నాటి చట్టము 14 ఏండ్లను కనీస వయస్సుగా నిర్ణయించినది గాని, దాని దృష్టి చాలకాలము కర్మాగారముల మీదనే నిలిచినది. నలుబదియేండ్ల గృహస్థు అమ్మకపు నేర్పు సంపాదింపదలచినచో వానికి దుకాణమే గురుకులము, సాహుకారే గురువు.

1874లో సికిందరాబాదు నుండి వాడి జంక్షను వరకు రైలుదారి పడుటతో తాండూరు కందులకును నాపరాతికిని దూరదేశపు గిరాకి దొరకినది. చుట్టుపట్ల పల్లెలవారు బండ్లు కట్టుకొని అడితి దుకాణములకు సరకు తోలజొచ్చిరి. ఆ దుకాణములకు చేతులు కావలసివచ్చెను; ఆ చేతులన్నియు లేతవే కానక్కరలేకపోయెను. 1949లో జాగీర్లు రద్దయినపుడు పైగా వంశీయుల ఎస్టేటులను నమ్ముకొనిన కొలువులు పోయినవి. మిల్లుబట్ట వచ్చి మగ్గములు మూలబడినవి. 1984లో పటేలు పట్వారీ పదవులు తొలగినవి. ఇట్టి ప్రతి మలుపునందును బ్రదుకుతెరువు మార్చుకొనక తప్పనివారు కొందఱు తప్పక యుందురు.

అట్టివాడు మొదట నేర్చుకొనునది అమ్మకము కాదు, కూర్చుండుట. గద్దె సాహుకారుది, చిట్టా వ్రాయు గుమాస్తా, వయస్సున కుమారునివంటివాడైనను, వృత్తిలో పెద్ద. ఊరిలో పదిమందిచేత “అయ్యా” యనిపించుకొనిన మనుష్యుడు ఇచ్చట “ఆ సంచి విప్పవోయి” యన్న మాటకు లేవవలెను. నా యభిప్రాయమున ఈ విద్యలోని కష్టమంతయు ఇందే యున్నది. తక్కినదెల్ల అభ్యాసముచే వచ్చునదే. సంచిలోనికి మోచేయి దాక చేయి జొనిపి అడుగునుండి పిడికెడు కందులు తీసి, అరచేత పఱచి, మట్టిని ఊది, ఒక గింజను పంట కొరికి, అది పటుక్కున విఱిగిన ఎండినదనియు, మెత్తగా నలిగిన పచ్చి దాగియున్నదనియు చెప్పగలుగుట కొన్నిమాసముల పని. తువాలు మాటున వ్రేళ్లు పట్టి ధర తెలుపుకొను బేరము మఱికొంత గహనము. చుట్టునున్నవారు చూచుచుండగనే వారెఱుగని సంభాషణ యది. అమ్మువానికి దక్కవలసిన ధర ఆ గుడ్డ చాటున ఎంత తరిగిపోయెడిదో తలంచిన, 1930లో హైదరాబాదు రాజ్యమున వ్యవసాయ మార్కెట్ల చట్టము ఏల వచ్చినదో తెలియును. ఆ ఱహస్యమును గూర్చి నాకు గౌరవము లేదు. కాని గింజను చూచి నిజము చెప్పు నేర్పునెడల అపారమైన గౌరవము గలదు.

ఏడు హాలీ (నిజాం) రూపాయలకు ఆఱు బ్రిటిషు రూపాయల లెక్క వేయుటలో, చక్రవడ్డీ కట్టుటలో, పత్రము చదువుటలో పూర్వపు కొలువులోని చదువు ఈ నడివయస్కునికి అక్కఱకు వచ్చెడిది. కరవులు చూచినవాడు గనుక రైతు ఏల తొందరపడుచున్నాడో అడుగకయే గ్రహించెడివాడు.

ఇంతకును మన వర్తకులందఱును నడివయస్సున మరల విద్యార్థులైన కాలమొకటి గలదు. 1957 ఏప్రిలులో నయాపైసలు వచ్చెను. 1958 అక్టోబరు నుండి దశలవారీగా శేరు, మణుగులు పోయి కిలోలు వచ్చెను. నోటికి వచ్చిన ఎక్కములతో అణాలు, పైలు క్షణములో తేల్చు వృద్ధ గుమాస్తా సైతము బాలునివలె క్రొత్త లెక్క నేర్వవలసివచ్చెను. నేర్చెను, దుకాణములు మూతపడలేదు.

ఈ చరిత్ర గ్రంథములలో లేదు; పాత ఖాతాపుస్తకములలోను, కొలది మంది ముదుసలి గుమాస్తాల స్మృతిలోను ఉన్నది. కుల్కచర్ల, పరిగి, తాండూరుల వర్తకులు ఆ పుస్తకములను చిత్తుకాగితముల క్రింద అమ్మివేయక భద్రపఱచవలెననియు, ఆ పెద్దల మాటలను ఇప్పుడే వ్రాయించి పెట్టవలెననియు, పని నేర్చుకొందునని వచ్చిన నలుబదియేండ్లవానిని వయస్సడిగి త్రిప్పి పంపవలదనియు నా విన్నపము.