లివర్ క్యాన్సర్: జంట మందుల దారి

ముదిరిన లివర్ క్యాన్సర్‌కు 2007 దాకా నమ్మదగిన మందు ఒక్కటీ లేదు. డాక్సోరుబిసిన్ లాంటి కీమో మందులు ఎక్కించేవారు గానీ, వాటితో ఆయుష్షు పెరిగిందని ఎవరూ నిరూపించలేకపోయారు. ఈ రోగుల్లో చాలామందికి హెపటైటిస్ వల్లనో, మద్యం వల్లనో అప్పటికే సిరోసిస్ ఉంటుంది. మందును తట్టుకోవాల్సిన అవయవమే దెబ్బతిని ఉంటుంది.

కణితికి కొత్త రక్తనాళాలు పుట్టించే సంకేతాలను అడ్డుకునే సొరాఫెనిబ్ మాత్రతో కాస్త దారి దొరికింది. 602 మందిపై జరిగిన షార్ప్ పరీక్షలో మధ్యస్థ జీవితకాలం 7.9 నెలల నుంచి 10.7 నెలలకు పెరిగింది. కానీ ఖరీదు? అప్పట్లో నెలకు సుమారు 2.8 లక్షల రూపాయలు. 2012 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ యజమాని ఒప్పుకోకున్నా మందు తయారుచేసే అనుమతి, దక్కడంతో అదే మందు నెలకు 8,880 రూపాయలకు వచ్చింది. మన పేటెంట్ చట్టం కింద ఇచ్చిన తొలి కంపల్సరీ లైసెన్స్ అది. ఈ చరిత్రలో ఏ ప్రయోగ ఫలితానికీ తీసిపోని ఘట్టమని నా అభిప్రాయం.

ఒక మందు ఇంత చేస్తే, రెండు కలిపితే ఇంకెంత చేస్తాయో అన్న ఆశ సహజమే. సొరాఫెనిబ్‌కు ఎర్లోటినిబ్ అనే మరో క్యాన్సర్ మాత్ర జోడించి 720 మందిపై పరీక్షించారు. 8.5 నెలలు 9.5 అయ్యాయి గానీ, ఆ తేడా గణాంకాల ముందు నిలవలేదు. జంట మందులు తీసుకున్నవారు చికిత్సను త్వరగా ఆపేశారు కూడా. డాక్సోరుబిసిన్ జత చిన్న పరీక్షలో ఊరించింది, పెద్ద పరీక్షలో 9.3 నెలల దగ్గరే ఆగింది. సొరాఫెనిబ్ ఒక్కటే తీసుకున్నవారికి 9.4. దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి.

మలుపు 2020లో బెవాసిజుమాబ్, అటెజోలిజుమాబ్ జంటతో వచ్చింది. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ రోగనిరోధక కణాలను కూడా కణితి దరి చేరనివ్వదు. బెవాసిజుమాబ్ దాన్ని అడ్డుకుంటుంది. అటెజోలిజుమాబ్ ఆ కణాలకు పడిన కళ్లెం తీస్తుంది. ఒకదాని పని రెండోదానికి దోహదం చేసింది గనుకే ఈ జంట నెగ్గిందని భావిస్తారు. 501 మందిపై జరిగిన పరీక్షలో మధ్యస్థ జీవితకాలం 19.2 నెలలు, సొరాఫెనిబ్‌తో 13.4. అయితే బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం ముప్పు ఉంది. అందుకే ముందుగా ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలున్నాయేమో చూస్తారు.

రక్తనాళాల మందు, రోగనిరోధక మందు కలిపిన జంటలన్నీ గెలవలేదు. కాబోజాంటినిబ్, అటెజోలిజుమాబ్ కలిపినా జీవితకాలం పెరగలేదు. లెన్వాటినిబ్, పెంబ్రోలిజుమాబ్ జతకు 21.2 నెలలు వచ్చినా, లెన్వాటినిబ్ ఒక్కటే 19 నెలలు ఇచ్చింది. కామ్రెలిజుమాబ్, రివోసెరానిబ్ జంట మాత్రం 2023లో 22.1 నెలలు చూపింది, సొరాఫెనిబ్‌కు 15.2.

ఈ పెద్ద పరీక్షలన్నీ లివర్ ఇంకా బాగా పనిచేస్తున్నవారిపై జరిగినవే. అది చెడిపోయాక ఈ అంకెలు వర్తించవు. అందుకే క్యాన్సర్‌ను త్వరగా పట్టుకోవడానికి సిరోసిస్ ఉన్నవారు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పక చేయించుకోండి. హెపటైటిస్ బి ఉన్నవారు ఆ పరీక్ష తమకూ అవసరమేమో డాక్టర్‌ను అడగండి.