గెలిచాం, మర్చిపోయాం: పశువుల ఆసుపత్రి తరిమేసిన ముసర వ్యాధి కథ

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని. మీ ఇంట్లో డెబ్బై దాటిన తాతయ్యో అమ్మమ్మో ఉంటే, "ముసర వ్యాధి చూశారా?" అని అడగండి. సేద్యం చేసిన వాళ్లయితే చాలాసేపు చెప్తారు. మీ వయసు వాళ్లని అడిగితే మాత్రం అసలు ఆ పేరే వినలేదంటారు. తాతకి తెలిసి మనవడికి తెలియని రోగం అది. మధ్యలో ఏం జరిగింది? ఈరోజు కథ అదే.

నేను నందిగామ వైపు ఒక పశువుల ఆసుపత్రిలో డాక్టర్‌ని. కంచికచర్ల మండలం, చెవిటికల్లు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంటాను. కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, ఈ ఉద్యోగంలో కష్టమేంటి, సంతోషమేంటి?" నిజమైన జవాబు చెప్పాలంటే చరిత్రలోకి వెళ్లాలి. దానికి ముందు మా రోజు ఎలా ఉంటుందో కొంచెం చూద్దాం.

ఈనిన మర్నాడు గేదె కూలబడిపోతుంది. మెడ పక్కకి తిప్పేసి, చెవులు చల్లబడి, లేవలేదు. దీన్ని పాలజ్వరం అంటాం. పేరులో జ్వరం ఉంది గానీ ఒళ్లు చల్లగా ఉంటుంది. కాల్షియం అంతా పాలలోకి వెళ్లిపోయి రక్తంలో తగ్గిపోవడం వల్ల వస్తుంది. నరంలోకి కాల్షియం ఎక్కిస్తాం, అదీ చాలా నెమ్మదిగా. తొందరపడితే గుండె ఆగిపోవచ్చు. చాలాసార్లు సీసా అయిపోయిన కాసేపటికే గేదె త్రేన్చి, పేడ వేసి, లేచి నిలబడుతుంది. ఆ ఇంటావిడ "కాఫీ తాగి వెళ్లండి డాక్టరు గారూ" అంటుంది. అర్ధరాత్రి అడ్డం తిరిగిన దూడని సరిచేసి బయటికి తీసినప్పుడూ అంతే. ఇది కళ్లకి కనిపించే సంతోషం.

కష్టాలూ ఉన్నాయి. మా పేషెంట్ నోరు తెరిచి ఎక్కడ నొప్పో చెప్పదు. మేత మానేసిందని మాత్రమే రైతుకి తెలుస్తుంది, మిగతాది మేమే వెతుక్కోవాలి. గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యి పెట్టమంటారు. అది పిచ్చికుక్క కరిచిన పశువైతే రేబీస్ మాకే అంటుకోవచ్చు. ఈసుకుపోయిన గేదెకి మాయ తీసేటప్పుడు గ్లోవ్స్ లేకపోతే బ్రూసెల్లా సోకుతుంది. నెలల తరబడి జ్వరాలు, కీళ్లనొప్పులు. వీటన్నిటికంటే బరువైనది ఇంకోటుంది. వైద్యానికయ్యే ఖర్చు, పశువు ఖరీదు, ఈ రెండూ పక్కపక్కన పెట్టి రైతు లెక్క వేసుకుంటుంటే ఎదురుగా నిలబడి చూడటం.

ఇక అసలు విషయం. మా వృత్తి సాధించిన అతిపెద్ద గెలుపు ఏ ఆసుపత్రిలోనూ కనిపించదు. ఎందుకంటే ఆ గెలుపు ఒక రోగం లేకపోవడం. ఆ రోగమే ముసర. ఇంగ్లీషులో రిండర్‌పెస్ట్ అంటారు.

అది వచ్చిందంటే మొదట విపరీతమైన జ్వరం. తర్వాత కళ్లూ ముక్కూ కారడం, నోటి నిండా పుళ్లు. ఆపైన ఆగకుండా పారుడు. ఒంట్లో నీరంతా పోయి వారం పది రోజుల్లో పశువు చచ్చిపోయేది. ఇంతకుముందు ఆ రోగం చూడని మందలో పడితే పదింటిలో ఎనిమిది, తొమ్మిది పోయిన సందర్భాలున్నాయి. జగ్గయ్యపేట, నందిగామ అంటే మెట్ట. ట్రాక్టర్ రాని కాలంలో దున్నాలన్నా, బండి కట్టాలన్నా ఎడ్ల జతే ఆధారం. పంట పోతే ఒక ఏడాది నష్టం. ఎడ్లు పోతే వచ్చే ఏడాది దున్నడానికే దారి లేదు. అంటే ముసర పశువుల రోగమే అయినా దాని దెబ్బ మనిషి కంచం మీద పడేది.

ప్రపంచం మొత్తం ఇదే కథ. 1761లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో క్లాడ్ బూర్జెలా అనే ఆయన ప్రపంచంలోనే మొదటి పశువైద్య పాఠశాల పెట్టారు. దాని వెనకున్న ముఖ్యమైన కారణాల్లో ఒకటి ఈ రోగమే. ఆఫ్రికాలో 1880ల చివర్లో ఇది అడుగుపెట్టాక ఇథియోపియాలో పశువుల్లో చాలా భాగం తుడిచిపెట్టుకుపోయి ఘోరమైన కరువు వచ్చింది.

ఇంకో సంగతి మన ఒంగోలు జాతికి దగ్గరగా ఉంటుంది. ఆ రోజుల్లో బ్రెజిల్ వాళ్లు ఇండియా నుంచి మూపురం ఉన్న పశువుల్ని ఓడల్లో తీసుకెళ్లేవాళ్లు. అలా వెళ్లిన మన ఒంగోలు జాతే అక్కడ నెల్లూరు పేరు మీద నెలోరే అయింది. 1920లో ఇండియా నుంచి బ్రెజిల్ వెళ్తున్న పశువుల్ని బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో దించారు. వాటితోపాటు ముసర కూడా దిగింది. యూరప్ వణికిపోయింది. ఆ దెబ్బకే 1924లో 28 దేశాలు కలిసి పారిస్‌లో అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థని పెట్టుకున్నాయి.

మరి మన దగ్గర? 1889లో పూనాలో ఒక ప్రయోగశాల పెట్టి, 1893లో హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కి మార్చారు. ప్రమాదకరమైన క్రిములతో పని కాబట్టి, ఊళ్లకి దూరంగా, చల్లటి చోట. 1897లో రాబర్ట్ కోచ్ కూడా అక్కడికి వచ్చారు. 1920ల్లో జె.టి. ఎడ్వర్డ్స్ ముసర వైరస్‌ని మేకల్లో ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎక్కిస్తూ పోయి బలహీనపరిచారు. అదే మేక టీకా. మన నాటు పశువులకి బాగా పనిచేసింది. సంకరజాతి పశువులకి మాత్రం కొన్నిసార్లు గట్టిగా జ్వరం తెచ్చిపెట్టేది.

అప్పట్లో కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1903లో మద్రాసులో వెటర్నరీ కాలేజీ, 1932లో రాణీపేటలో టీకాలు తయారుచేసే సంస్థ వచ్చాయి. కానీ టీకా తయారవడం వేరు, చెవిటికల్లులో ఎద్దు ఒంట్లోకి ఎక్కడం వేరు. మ్యాప్ చూడండి. 1948 దాకా జగ్గయ్యపేట అవతల నిజాం రాజ్యం, ఇవతల మద్రాసు. చెవిటికల్లుకి దగ్గర్లోని పరిటాల, దాని చుట్టూ కొన్ని ఊళ్లు మద్రాసు మధ్యలో ఉండి కూడా నిజాం కిందే ఉండేవి. రెండు ప్రభుత్వాలు, రెండు శాఖలు. పశువుకీ వైరస్‌కీ ఆ గీతలు తెలియవు కదా.

స్వాతంత్ర్యం వచ్చాక 1954లో జాతీయ కార్యక్రమం మొదలైంది. ఐదేళ్లలో 80 శాతం పశువులకి టీకా వెయ్యాలని లక్ష్యం. నిజానికి పట్టింది నలభై ఏళ్లు! ఎందుకు? ఒకటి, ఏటా కొత్త దూడలు పుడుతూనే ఉంటాయి. ఈ ఏడాది వేసిన టీకా వచ్చే ఏడాది దూడని కాపాడదు. రెండు, సంతలకీ మేతకీ మందలు తిరుగుతూనే ఉంటాయి. మూడు, చల్లదనం. కరెంటు లేని ఊళ్లకి ఐస్ పెట్టిన ఫ్లాస్కుతో, సైకిల్ మీద, ఎండ ఎక్కకముందే చేరాలి. ఐస్ కరిగిందంటే సీసాలో మందు ఉన్నా లేనట్టే. నాలుగు, నమ్మకం. "సూది వేస్తే పాలు తగ్గుతాయి, చూడి పోతుంది" అనే మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఒక్కో గడప దగ్గర నిలబడి మాట్లాడి ఒప్పించిన కాంపౌండర్ల, టీకాలు వేసిన సిబ్బంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

1960 ప్రాంతంలో కెన్యాలో వాల్టర్ ప్లోరైట్ ప్రయోగశాలలో పెంచిన కణాలతో కొత్త టీకా చేశారు. అన్ని జాతులకీ సురక్షితం, ఒక్కసారి వేస్తే చాలు. 1999లో ఆయనకి వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు.

ఇప్పుడు కథలో నాకు బాగా ఇష్టమైన భాగం. రోగం పోయిందని ఎలా తెలుస్తుంది? టీకా వేసిన పశువు రక్తంలోనూ, రోగం వచ్చి తగ్గిన పశువు రక్తంలోనూ ఒకే రకం యాంటీబాడీలు కనిపిస్తాయి. అంటే టీకా వేస్తున్నంత కాలం రోగం నిజంగా పోయిందో, దాక్కుందో చెప్పలేం. అందుకని టీకా ఆపెయ్యాలి! నలభై ఏళ్లు "వేయించుకోండి" అని బతిమాలిన వాళ్లే ఇక ఆపి, ఊరూరా తిరిగి "నోట్లో పుళ్లు, పారుడుతో పశువులు పోయాయా?" అని అడుగుతూ, నమూనాలు పంపుతూ కాచుకుని కూర్చోవాలి. ఆ అడుగు వెయ్యడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

మన దేశంలో చివరి కేసులు 1995లో తమిళనాడులో వచ్చాయి. 2006లో ఇండియాకి ముసర లేని దేశంగా గుర్తింపు దక్కింది. 2011లో ప్రపంచం మొత్తం నుంచి పోయిందని ప్రకటించారు. మనిషి పూర్తిగా నిర్మూలించిన రోగాలు రెండే రెండు: మశూచి, ముసర. మశూచి సంగతి స్కూలు పుస్తకాల్లో చదువుకున్నాం. రెండోదాని పేరే మనకి తెలీదు.

మర్చిపోతే నష్టమేంటి అంటారా? ఉంది. రోగం కనిపించకపోతే టీకా దండగ అనిపిస్తుంది. 2019లో గాలికుంటు, బ్రూసెల్లా మీద దేశమంతా కొత్త కార్యక్రమం మొదలైంది. గాలికుంటు ముసరకంటే మొండిది. దాని వైరస్‌లో చాలా రకాలున్నాయి, టీకా బలం కొన్ని నెలలే ఉంటుంది. అందుకే ఆరు నెలలకోసారి వేస్తారు. బ్రూసెల్లా టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్య దూడలకి మాత్రమే. ఆ వయసు దాటితే అవకాశం పోయినట్టే. గొర్రెలు, మేకలకొచ్చే పి.పి.ఆర్ వైరస్ ముసరకి దగ్గరి చుట్టం. దాన్ని 2030కల్లా ప్రపంచం నుంచి పంపించెయ్యాలని లక్ష్యం పెట్టుకున్నారు.

మీ చేతిలో ఫోన్ ఉంది కాబట్టి మూడు పనులు చెప్తాను. పశువు చెవికున్న పోగు మీది 12 అంకెల నంబర్ ఫొటో తీసి దాచుకోండి. టీకా వేసిన తేదీని ఫోన్‌లో పెట్టుకుని ఆరో నెలకి అలారం పెట్టండి. పశువు తేడాగా ఉంటే అది నడిచే తీరు, నోరు, పేడ వీడియో తీసి 1962కి ఫోన్ చేసినప్పుడు డాక్టర్‌కి చూపించండి. మా పేషెంట్ మాట్లాడలేదని చెప్పాను కదా, ఆ లోటు కొంత మీ వీడియో తీరుస్తుంది.

ఇక మొదటి ప్రశ్నకి నా జవాబు. లేచి నిలబడిన గేదెని చూస్తే ఆ రోజుకి సంతోషం. ముసర వ్యాధి పేరు ఒక్క కుర్రాడికి కూడా తెలియకపోవడం మా ముందు తరం వాళ్లు సంపాదించిన జీతం. గాలికుంటు పేరు కూడా మీ పిల్లలకి తెలియకుండా పోవాలి. టీకా బండి ఊళ్లోకి వచ్చిన రోజు పశువుల్ని మేతకి తోలెయ్యకుండా ఇంటి దగ్గరే కట్టేసి ఉంచండి. మీ వంతు అదే. ఉంటాను మరి.