సంతకానికి పిలిచిన ఇల్లు

విజయనగరంలో మా ఇల్లు అమ్మకానికి పెట్టారు. 1958లో సహకార గృహనిర్మాణ సంఘం అప్పుతో కట్టుకున్నది. కొనేవాళ్ళ వకీలు కోసం ట్రంకుపెట్టె తీస్తే వాటా రసీదులు, కంతుల పుస్తకం, దస్తావేజు అన్నీ దొరికాయి. ఎక్కడా అమ్మ పేరు లేదు.

సంఘాలు అప్పట్లో 1932 నాటి మద్రాసు చట్టం కింద నడిచేవి. సభ్యుడికి వాటాలెన్నున్నా ఓటు ఒకటే. ఆ సమానత్వం గడప దాటి లోపలికి రాలేదు. మా కాలనీలో సభ్యులంటే నెలజీతం ఉన్న గుమాస్తాలు, మేష్టర్లు, రైల్వేవాళ్ళు. అన్ని కులాలవాళ్ళం పక్కపక్కనే ఉన్నామని నాన్న గొప్పగా చెప్పేవాడు. పాకీపనికి వచ్చే ఆమె వెనకసందులోంచే వచ్చేదన్నది మాత్రం చెప్పేవాడు కాదు. కంతు కట్టలేని నెలల్లో అమ్మ చంద్రహారం తాకట్టుకి వెళ్ళింది. తిరిగి రాలేదు.

హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17నే అమల్లోకి వచ్చింది. విల్లు లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో భార్యకీ కొడుకులకీ కూతుళ్ళకీ సమాన వాటా. 1986 నాటి మన రాష్ట్ర సవరణ ఉమ్మడి ఆస్తి గురించి. మాకు దానితో పనే లేదు. నాన్న 1983లో విల్లు రాయకుండానే పోయాడు. ఆడవాళ్ళ ఆస్తిహక్కు మీద వ్యాసాలు రాశాను గానీ ఇంట్లో ఒక్కసారీ అడగలేదు.

"హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టి వెళ్ళిపోవే" అన్నాడు అన్నయ్య. పెట్టనన్నాను. ఎనభై ఎనిమిదేళ్ళ అమ్మ మంచం మీంచే అంది: "నన్నడగరేటి? చంద్రహారం ఆరు తులాలు. అదీ రాయండి."