డీప్ పర్పుల్ ఉత్తరచరిత్రము

ఆంగ్లదేశపు రాక్ సంగీతమును గూర్చి వ్రాయువారు డీప్ పర్పుల్ అను బృందముకడకు వచ్చునప్పటికి, 1970 మొదలు 1973 వరకు గల స్వల్పకాలమును సవిస్తరముగా వర్ణించి, తరువాతి యర్ధశతాబ్దమును నాలుగు వాక్యములలో ముగించుట పరిపాటి యైనది. స్విట్జర్లాండులోని మోంట్రూ పట్టణమున 1971 డిసెంబరు 4వ తేదీన జూదశాల తగులబడుటయు, ఆ పొగ జెనీవా సరస్సుపై పరచుకొనుటయు, ఆ దృశ్యమే పాటయై లోకమంతట వ్యాపించుటయు నెరుగని రాక్ రసికు డరుదు. కాని నాకు ఈ బృందపు ఉత్తరకథయే ఎక్కువ విలువగలదిగా తోచును. ఏలయన, యౌవనమున ఒకరినొకరు వెడలగొట్టుకొనిన యీ సంగీతకారులు తమ స్థానమును మర్యాదతో మరియొకరి కప్పగించు విద్యను నేర్చినది నడివయస్సు దాటిన పిమ్మటనే.

తొలినాటి మార్పులలో ఆ మర్యాద మచ్చునకైన కానరాదు. 1968లో హెర్ట్‌ఫర్డ్‌లో రూపొందిన యీ బృందమున గిటారు రిచీ బ్లాక్‌మోర్‌ది, ఆర్గన్ జాన్ లార్డ్‌ది, డ్రమ్ములు ఇయన్ పేస్‌వి. మరుసటి వేసవిలో ఈ మువ్వురును, గాయకుడు రాడ్ ఎవాన్స్‌తోను బేస్ గిటారు వాయించు నిక్ సింపర్‌తోను యథాప్రకారము కచేరీలు చేయుచునే, వారికి తెలియకుండ ఇయన్ గిలన్, రోజర్ గ్లోవర్‌లతో వేరుగా సాధనచేసి, పిదప పాతవారిని తొలగించిరి. 1973లో గిలన్ విసిగి వెడలిపోగా గ్లోవర్‌కును ఉద్వాసన కలిగెను. డేవిడ్ కవర్‌డేల్, గ్లెన్ హ్యూస్ వచ్చిరి. 1975లో బ్లాక్‌మోరే విడిచిపోయెను. అతని స్థానమున చేరిన టామీ బోలిన్, 1976 మార్చిలో లివర్‌పూల్ కచేరీతో బృందము విచ్ఛిన్నమైన తరువాత, ఆ డిసెంబరులోనే 25 ఏండ్ల ప్రాయమున మరణించెను. అభిమానులు ఈ కూర్పులను 'మార్క్ వన్', 'మార్క్ టూ' అని వరుసగా లెక్కించుచుందురు.

1980లో జరిగిన యొక ఘట్టము ఇచ్చట ముఖ్యము. తొలిగాయకుడైన ఎవాన్స్‌ను ముందుంచుకొని, పూర్వ మా బృందములో ఎన్నడును లేని వాద్యకులు డీప్ పర్పుల్ పేరిట అమెరికాలో కచేరీలు సాగించిరి. శ్రోతలు ఆగ్రహించిరి, అసలువారి పక్షమున వ్యాజ్యము నడచి, న్యాయస్థాన మా ప్రదర్శనలను నిలిపివేసెను. పేరు ఒక్కటియే బృందము కాజాలదని దీనివలన తేటపడినది. మరి తరువాతి కాలమున గిటారును, ఆర్గన్‌ను క్రొత్తవారు చేపట్టినను, శ్రోతలు దానిని డీప్ పర్పుల్‌గానే ఏల యంగీకరించిరి?

1984లో గిలన్, గ్లోవర్, బ్లాక్‌మోర్, లార్డ్, పేస్ మరల కూడి 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్' వెలువరించిరి. పాత సంగీతముతోపాటు పాత కలహమును తిరిగివచ్చెను. 1989లో గిలన్‌ను పంపివేసి జో లిన్ టర్నర్‌ను తెచ్చుకొనుటయు, కొన్నేండ్లకే గిలన్‌ను మరల పిలిపించుటయు జరిగినవి. 1993 నవంబరులో బర్మింగ్‌హామ్ కచేరీలో మొదటిపాట సాగుచుండగా బ్లాక్‌మోర్ చాలసేపు వేదికపై కానరాక, వచ్చినపిదప చిత్రీకరించుచున్న కెమెరాపై నీళ్లు విసరుట ఆనాటి చలనచిత్రమున నేటికిని చూడవచ్చును. ఆ నెల 17వ తేదీన హెల్సింకీలో వాయించి అతడు శాశ్వతముగా తప్పుకొనెను. డిసెంబరులో జపాను కచేరీలు ముందే నిశ్చయింపబడి యుండెను. ఆపద్ధర్మముగా అమెరికను గిటారు విద్వాంసుడు జో సాట్రియానీ వచ్చి, ఆ కచేరీలను, మరుసటి వేసవిలో ఐరోపా యాత్రను నడిపి, నిలిచిపోక మరలిపోయెను. కార్యము ముగిసినంతనే తప్పుకొను ఔచిత్యము ఈ బృందచరిత్రమున అదివర కెరుగనిది.

1994లో చేరిన స్టీవ్ మోర్స్ మృదుస్వభావుడు. కొంతకాలము విమానచోదకుడుగా ఉద్యోగము చేసినవాడు. బ్లాక్‌మోర్‌ను అనుకరించు యత్నము చేయక తన ధోరణినే తాను అనుసరించుట అతని బుద్ధిమత్తకు నిదర్శనము. 1996 నాటి 'పర్పెండిక్యులర్' ఆల్బమును శ్రద్ధగా వినువారికి, ఐదుగురును ఎట్టకేలకు ఒకరి నొకరు వినుచు వాయించుచున్నారని తోచును. బ్లాక్‌మోర్ రెండు విడతలలోను ఉన్న కాలము పదునేడేండ్లకు సమీపము; మోర్స్ ఇరువదియెనిమి దేండ్లు నిలిచెను.

జాన్ లార్డ్ నిష్క్రమణము ఈ చరిత్రలో ఉదాత్తఘట్టము. హామండ్ ఆర్గన్‌లోని లోహచక్రములు అయస్కాంతముల యెదుట తిరుగుట వలన పుట్టు విద్యుత్తరంగములను గిటారుల కుద్దేశింపబడిన మార్షల్ ఆంప్లిఫయర్‌లోనికి పంపి, ప్రార్థనామందిరములలో సాధువుగా పలుకు నా వాద్యముచేత గర్జింపజేసినవా డతడే. అతడు 1969లో రాయల్ ఆల్బర్ట్ హాలులో సింఫనీ వాద్యగోష్ఠితో కూర్చి వినిపించిన 'కన్సర్టో' యొక్క స్వరప్రతి మరుసటి యేడే పోయెను. దశాబ్దముల తరువాత ఒక యువ డచ్చి స్వరకర్త, ఆనాటి ధ్వనిముద్రణమును పదేపదే విని, చిత్రమును పదేపదే చూచి, ఏ వయొలిను ఏ స్వరము పలికినదో, ఏ కొమ్ము ఎచ్చట ప్రవేశించినదో చెవితో పట్టి, ఆ ప్రతిని తిరిగి వ్రాసి లార్డ్‌కు సమర్పించెను. 1999 సెప్టెంబరులో, ముప్పదేండ్లు నిండినప్పుడు, అదే హాలులో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో అది మరల మ్రోగెను. ఒక అభిమాని కృతికర్తకు చెల్లించిన ఇంతటి గురుదక్షిణ వేరొండు నే నెరుగను.

2001లో మోకాలి బాధచే లార్డ్ విరమింపవలసిరాగా డాన్ ఎయిరీ ఆ స్థానమును నింపెను. 2002 సెప్టెంబరున లార్డ్ వీడ్కోలు కచేరీలలో ఇరువురును పాల్గొనిరి. ఇప్స్‌విచ్‌లో జరిగినది ఆఖరుది. దాపరికముతో మనుష్యులను మార్చిన బృందమే, ఇప్పుడు వెడలువానిని వచ్చువానిని శ్రోతల సమక్షమున చేర్చి నిలిపెను. పైని ప్రశ్నకు సమాధాన మిచ్చటనే లభించునని నా నమ్మకము: తొలినుండి ఒక్క కూర్పునకైన దూరముకాని పేస్ లయ ఒక కారణము, క్రొత్తవానికి పాతవాని యంగీకారముండుట అంతకన్న పెద్దకారణము. 2012 జులై 16న లార్డ్ మరణించగా, మరుసటి యేటి ఆల్బమును బృంద మతనికే అంకిత మొనర్చెను.

వార్ధక్యము తన సుంకమును వసూలు చేయకపోలేదు. 'చైల్డ్ ఇన్ టైమ్'లోని ఆ తారస్థాయిని గిలన్ కంఠ మందుకొనలేని దశ రాగా, ఆ పాటను కచేరీలనుండి తొలగించిరి. చేతగానిదానిని చేయుచున్నట్లు నటించుటకంటె ఇది వేయిరెట్లు మేలు. 2016లో పేస్‌కు స్వల్పముగా పక్షవాతము సోకి కొన్ని కచేరీలు ఆగెను. కోలుకొని అతడు మరల డ్రమ్ముల ముందు కూర్చుండెను. ఆ యేడే అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ బృందమును సత్కరించుచు, ఏండ్లకేండ్లు దానిని మోసిన మోర్స్, ఎయిరీల పేర్లను విడిచివేయుట అన్యాయము. ఉత్తరచరిత్రమును లెక్కింపని దోషమునకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

2017లో 'లాంగ్ గుడ్‌బై' పేరిట యాత్ర ఆరంభించిరి. వీడ్కోలు సాగుచుండగనే, 2022లో వ్యాధిగ్రస్తయైన భార్యకు పరిచర్య చేయుటకై మోర్స్ సెలవు గైకొనెను. అంతకుముందే గిలన్, ఎయిరీలతో వేరుగా వాయించి పరిచితుడైన బెల్‌ఫాస్ట్ వాసి సైమన్ మెక్‌బ్రైడ్ గిటారును చేపట్టెను. బృందము మొదటిసారి చీలిపోయిననాటికి ఇతడు జన్మింపనేలేదు. 2024లో వెలువడిన 'ఈక్వల్స్ వన్' ఇతనితో చేసిన తొలి ఆల్బము. అందులో గిటారును ఆర్గన్‌ను ప్రశ్నోత్తరములుగా తలపడు తీరు బ్లాక్‌మోర్, లార్డ్‌ల నాటిదే గాని, వాయించినవారు మెక్‌బ్రైడ్, ఎయిరీలు.